ఉచిత వకీలుకు ఫీజు ఎవరిస్తారు?

(ఒడిశాలోని రాయగడలో క్రిమినల్ కేసులు చూసే ఒక తెలుగు న్యాయవాది ఈ శీర్షికలో పాఠకుల సందేహాలకు జవాబులిస్తారు. ఉత్తరాలను కుదించి, పేర్లు తీసేసి వేస్తున్నాం.)

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది గుణుపురం దగ్గర పల్లె. మా ఆయన కిరాయికి పికప్ వ్యాన్ నడుపుతారు. పసుపు బస్తాలని చెప్పి లోడు ఎక్కించారట. కోరాపుట్ వైపు నుంచి వస్తుంటే దారిలో ఆపారు. బస్తాల కింద గంజాయి దొరికిందని ఆయన్నీ, పక్కన కూర్చున్న సరుకు మనిషినీ పట్టుకుపోయారు. ఇద్దరూ జైల్లో ఉన్నారు. బండి ఓనరు ఫోన్ ఎత్తడం లేదు. ఒక ప్రైవేటు వకీలు గారు బెయిలుకే అరవై వేలు అడిగారు. డబ్బు లేనివాళ్లకు గవర్నమెంటే వకీలును పెడుతుందని జైలు గేటు దగ్గర ఎవరో చెప్పారు. మా బావగారు మాత్రం "డబ్బు పుచ్చుకోని వకీలు నోరు తెరవడు, ఆ అరెకరం తాకట్టు పెట్టెయ్" అంటున్నారు. కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. మాకు చదవడం రాదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, అరెకరం జోలికి ఇప్పుడే పోకండి.

జైల్లో ఉన్న మనిషికి ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. అది 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. కాబట్టి తహసీల్దారు ఆఫీసు చుట్టూ ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం తిరగక్కర్లేదు. మీ ఆయన జైలు సూపరింటెండెంటుకు చెప్పినా చాలు, జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో చెప్పినా చాలు. లేదంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు మీరే వెళ్లండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడి వాలంటీర్లు రాసుకుంటారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. నిజానికి రిమాండుకు తెచ్చిన మొదటి రోజునే "వకీలు కావాలా" అని మేజిస్ట్రేటు అడగాలి. బిహార్‌లోని భాగల్‌పూర్‌లో పోలీసులు ఖైదీల కళ్లు పొడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పి నలభై ఏళ్లు దాటింది. మీ ఆయన్ని అడిగే ఉంటారు. ఒడియాలో అడిగితే ఆయన దేనికో తలూపి ఉంటారు.

ఇప్పుడు వచ్చేది ఎవరు? రెండు దారులున్నాయి. ఒకటి, 2022లో వచ్చిన పథకం కింద పెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు. అందులో వకీళ్లకు నెలజీతం ఉంటుంది, వాళ్లు ప్రైవేటు కేసులు పట్టకూడదు. రెండోది పానెల్. మాలాగా సొంత ప్రాక్టీసు చేసుకునే ప్రైవేటు వకీళ్లే అందులో పేరు నమోదు చేయించుకుని, ఒక్కో కేసు తీసుకుంటారు.

మీ విషయంలో ఒక చిక్కుంది. మీ ఆయన "బస్తాల కింద ఏముందో నాకు తెలియదు" అంటారు. సరుకు మనిషి రేపు "డ్రైవరుకు అంతా తెలుసు, లోడు వేయించింది అతనే" అంటాడు. ఈ ఇద్దరికీ ఒకే ఆఫీసు కాపు కాస్తే ఎవరో ఒకరు మునుగుతారు. అందుకని అప్లికేషన్‌లోనే గట్టిగా రాయించండి: "రెండో ముద్దాయికీ నాకూ వాదనలు పొసగవు, నాకు వేరే వకీలు కావాలి" అని. అతనికి జీతం వకీలు వెళ్తే మీకు పానెల్ నుంచి ప్రైవేటు వకీలు రావాలి. జీతం వకీళ్లు వచ్చారు కదా, ఇక పానెల్ ఎందుకనే పెద్దమనుషులు కొందరున్నారు. వాళ్లకు ఇలాంటి కేసు ఒక్కటి అప్పగించి చూడాలి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, పట్టుకున్న సరుకు బరువు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అంటారు. అప్పుడు మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డొస్తుంది, బెయిలు కష్టం. కానీ అలాంటి కేసులోనూ 180 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, కోర్టు గడువు పెంచకపోతే, బెయిలు మీ హక్కు అవుతుంది. అయితే ఆ హక్కు దానంతటది ఇంటికి రాదు. గడువు దాటగానే వకీలు పిటిషను వెయ్యాలి. ఈలోగా చార్జిషీటు పడిపోయిందా, ఆ తలుపు మూసుకున్నట్టే. బరువు తక్కువైతే ఈ గడువు కూడా ఇంకా తక్కువే. అరెస్టు చేసి కోర్టులో పెట్టిన తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

రెండోది, ఈ చట్టంలో "నాకు తెలియదు" అంటే సరిపోదు. తెలియదని ముద్దాయే చూపించుకోవాలి. కాబట్టి కిరాయి మాట్లాడిన ఫోన్ నంబరు, ఓనరు పంపిన వాట్సాప్ మెసేజులు, డీజిల్ కొట్టించిన రసీదు, అంతకుముందు వేసిన లోడుల చిట్టీలు, ఏదీ పారెయ్యకండి. ఆయన ఫోన్ పోలీసుల దగ్గరుంటే మీ ఫోన్‌లో ఉన్నవైనా దాచండి.

ఇక మీ బావగారి మాట. దాన్ని కొట్టిపారెయ్యాలని ఉంది గానీ, కొట్టిపారెయ్యలేను. ఎందుకో చెబుతాను.

ఆమధ్య నేను పానెల్ తరఫున చూసిన ఒక గంజాయి కేసులో జప్తు జాబితా ఒడియాలో ఉంది. దాని కింద డ్రైవరు తెలుగులో సంతకం చేశాడు. పైన ఏం రాశారో అతనికి తెలియదు. జైలు ములాఖత్ గదిలో జాలీకి అటువైపు అతను, ఇటువైపు నేను. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే, తూకం దగ్గరికి వచ్చేసరికి అతను ఆపాడు. "అక్కడ కాటా ఎక్కడిదండీ, రాత్రి స్టేషన్‌లో కదా తూచారు" అన్నాడు. జాబితాలో తూకం రోడ్డు మీదే సాయంత్రం నాలుగున్నరకు అయిపోయింది. మళ్లీ చార్జిషీటు మొత్తం తిరగేశాను. ఎక్కడో వెనక, తూకం వేసిన కిరాణా కొట్టతని వాంగ్మూలం దొరికింది. రాత్రి ఏడు దాటాక కొట్టు కట్టేస్తుంటే పిలిచారట, తన కాటా తనే తీసుకెళ్లాడట. జాబితా ఒక చివర, వాంగ్మూలం ఇంకో చివర. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేదాకా కేసులో ఏమీ లేనట్టే కనిపించింది. శాంపిల్స్ మేజిస్ట్రేటు ఎదుట తీశారా, సరుకు జాబితాను మేజిస్ట్రేటు ధ్రువీకరించిన 52ఎ సెక్షన్ కాగితం ఉందా, ముందస్తు సమాచారం అందితే రాసిపెట్టారా, ఇవన్నీ ఆ తర్వాతి పని.

ఇంతా చేసి బిల్లు రాయడానికి కూర్చుంటే, ఆ ఫారంలో చదవడానికి గడి లేదు. పిటిషను రాస్తే ఇంత, పని జరిగిన వాయిదాకు (ఎఫెక్టివ్ హియరింగు) ఇంత, ఏమీ జరగకపోతే (నాన్ ఎఫెక్టివ్) అంతకంటే తక్కువ, మొత్తం మీద ఇంతకు మించకూడదు, ఇదీ వరస. జైలుకు వెళ్లిన పూట, జిరాక్సు, ఒడియా కాగితాలను తెలుగులో చెప్పడానికి పట్టిన సాయంత్రాలు, ఇవన్నీ నా జేబులోంచే. బిల్లుకు ఆర్డర్ షీటు నకళ్లు, హాజరు సర్టిఫికెట్ జతచేసి ఇస్తే, "ఫండ్ రాలేదు" అన్న జవాబు వస్తుంది. ఏ ఆఫీసో చెప్పను, ఎందుకంటే ఈ జవాబు ఒక్క ఆఫీసుది కాదు. ఒక బిల్లు డబ్బులు వచ్చేసరికి ఆ కేసులో ముద్దాయి విడుదలై, బరంపురంలో పనికి కుదిరి, పెళ్లి చేసుకుని, నాకు శుభలేఖ కూడా పంపాడు.

ఫీజు ఇలా ఉంటే ఏమవుతుందో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మంచి చేతులు పానెల్ నుంచి జారుకుంటాయి. ఉన్నవాళ్లలో కొందరు వాయిదాకు వచ్చి "టైం కావాలి" అని వెళ్లిపోతారు, ఎందుకంటే వచ్చినందుకే డబ్బు, చదివినందుకు కాదు. ఇంకొందరు ముద్దాయి భార్యను పక్కకు పిలిచి "చేతి ఖర్చులకు ఏమైనా చూడమ్మా" అంటారు. ఆ ఆఖరి మాట మీతో ఎవరైనా అంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. న్యాయ సేవల నిబంధనల ప్రకారం పానెల్ వకీలు మీ దగ్గర ఏ రూపంలోనూ డబ్బు అడగకూడదు. అడిగితే జిల్లా సంస్థ సెక్రటరీకి చెప్పండి, ఆయన జడ్జి స్థాయి మనిషి. వకీలు పని చెయ్యకపోతే మార్చమని కూడా అడగవచ్చు. కానీ మార్చమనే ముందు ఒకసారి ఆయనతో కూర్చుని, కాటా గురించి, బస్తాల గురించి, కిరాయి మాట్లాడినవాడి గురించి మీ ఆయన చెప్పినదంతా చెప్పండి. నేను చూసిన కేసులో ఆ రాత్రి కాటా సంగతి డ్రైవరు చెబితేనే బయటపడింది.

ప్రశ్న: సార్, నేను పర్లాకిమిడిలో నాలుగేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పానెల్‌లో చేరాను. ఫీజు సరిపోవడం లేదని బార్ రూంలో అంటే ఒక సీనియర్ గారు "పేదవాడి కేసులో డబ్బు గురించి మాట్లాడతావా? అది సేవ బాబూ" అన్నారు. అందరూ నవ్వారు. సేవకు రేటు అడగడం తప్పా?

జవాబు: తమ్ముడూ, ఈసారి ఆ సీనియర్ గారికి ఒక కేసు గుర్తు చెయ్యి. 1978, ఎం.హెచ్. హోస్కోట్ వర్సెస్ మహారాష్ట్ర. ఆ హోస్కోట్ నిరుపేద కూడా కాదు. సౌరాష్ట్ర విశ్వవిద్యాలయంలో రీడర్, దొంగ డిగ్రీ సర్టిఫికెట్లు తయారుచేయబోయి పట్టుబడ్డాడు. హైకోర్టు తీర్పు నకలు చేతికి రాక సుప్రీంకోర్టుకు ఏళ్ల తరబడి ఆలస్యంగా వెళ్లాడు. ఆయన పిటిషన్ కొట్టేశారు. కానీ ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యర్ ఖైదీకి వకీలును ఇవ్వడం రాజ్యం బాధ్యత అన్నారు. అక్కడితో ఆగలేదు. మనిషి మీద కేసు పెట్టి అతని స్వేచ్ఛ లాక్కునే పని మొదలెట్టింది రాజ్యమే కాబట్టి, అతనికిచ్చిన వకీలుకు కోర్టు న్యాయంగా నిర్ణయించిన సొమ్ము కూడా రాజ్యమే చెల్లించాలన్నారు. మనం ఉచిత వకీలు అనే మొదటి సగం బాగా వల్లెవేశాం. ఆ రెండో సగం మన బార్ రూముల్లో పెద్దగా వినపడదు.

కోర్టు హాలులో ఒకసారి తల తిప్పి చూడు. జడ్జి గారికి జీతం ఉంది. ప్రభుత్వం తరఫు వకీలు పి.పి.కి జీతమో ఫీజో ఉంది. దర్యాప్తు అధికారి సాక్ష్యానికి వస్తే డ్యూటీ మీద వచ్చినట్టే, టి.ఎ. కూడా ఉంది. బెంచి క్లర్కు, స్టెనో, డఫేదారు, ఎవరూ సేవకు రాలేదు. బోనులో ఉన్నవాడి పక్షాన నిలబడిన ఒక్కడిని మాత్రం సేవ చెయ్యమంటున్నాం. సేవాభావం ఉండాల్సిందే, నేను కాదనను. అది ఒక పక్కనే ఉండాలంటేనే నాకు అభ్యంతరం.

2019లో అనోఖీలాల్ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో ఒక చిన్నపిల్ల హత్య కేసు. ముద్దాయికి లీగల్ ఎయిడ్ వకీలును ఏ రోజు ఇచ్చారో ఆ రోజే అభియోగాలు ఖరారు (చార్జి ఫ్రేం) చేశారు. రెండు వారాల్లోపే విచారణ ముగించి ఉరిశిక్ష వేశారు. కాగితం చదివే టైమే ఇవ్వలేదని సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దు చేసి మళ్లీ విచారించమంది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే పెట్టాలని, తయారీకి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. ఆ మనిషి అరెస్టయిన పదకొండేళ్ల తర్వాత, 2024లో నిర్దోషిగా బయటికొచ్చాడు. తీర్పు గొప్పది. నా సందేహం చిన్నది. పదేళ్ల అనుభవం ఉన్నవాడు సొంత కేసులు పక్కన పెట్టి ఏడు రోజులు ఒకే ఫైలు ముందేసుకుంటే, ఆ వారం అతని గుమస్తా జీతం, ఆఫీసు అద్దె ఎవరిస్తారు? ఏడు రోజులు ఇచ్చినట్టే ఏడు రోజుల కూలీ కూడా ఇవ్వాలి కదా.

న్యాయమైన ఫీజు అంటే నేను ఎక్కువ ఫీజు అనడం లేదు. పెద్ద ప్రైవేటు కేసుకు వచ్చినంత ఇవ్వమని ఎవరూ అడగరు. చదివిన గంటలకూ, జైలుకు వెళ్లిన పూటకూ లెక్క ఉండాలి. బస్సు చార్జి, నకళ్లు, అనువాదం ఖర్చు ఫీజులో కలపకుండా విడిగా రావాలి. మన సరిహద్దులో ఈ అనువాదం సంగతి మరీ ముఖ్యం. సాక్ష్యం ముద్దాయికి అర్థమయ్యే భాషలో వినిపించాలని చట్టమే అంటోంది. పర్లాకిమిడిలో సవర మాట్లాడే మనిషికో, మన తెలుగు డ్రైవరుకో ఆ పని చేసేది చివరికి వకీలో, వకీలు గుమస్తానో. కేసు బరువును బట్టి ఫీజు మారాలి, దొంగతనం కేసుకూ హత్య కేసుకూ ఒకే పరిమితి పెడితే ఎలా? వీటన్నిటికన్నా ముందు, బిల్లు పెట్టిన మూడు నెలల్లో డబ్బు చేతికి రావాలి.

నీకు పనికొచ్చే మాట ఒకటి. ప్రతి కేసుకూ ఒక నోటుబుక్కు పెట్టు. ఏ రోజు ఏ కాగితం చదివావు, ఎంతసేపు, ఎవరితో మాట్లాడావు, అన్నీ రాయి. బిల్లుతో పాటు ఆ పేజీల జిరాక్సు కూడా జతచెయ్యి. దానికి పైసా రాకపోవచ్చు. కానీ ఫీజుల రివిజన్ గురించి మాట్లాడే రోజు వస్తే సీనియర్ల దగ్గర ఉపన్యాసాలుంటాయి, నీ దగ్గర లెక్క ఉంటుంది. ఇంకోటి: ఫీజు చాలడం లేదన్న కోపాన్ని ముద్దాయి మీద చూపించకు. తీసుకుంటే పూర్తిగా చెయ్యి. చెయ్యలేకపోతే పానెల్‌కు దణ్ణం పెట్టి బయటికి రా. మధ్యలో నిలబడ్డ వకీలు వల్ల లోపలున్నవాడికే నష్టం.

ప్రశ్న: నేను బరంపురంలో రిటైరైన టీచరును. మా అబ్బాయి బోస్టన్ దగ్గర ఉంటాడు. పోయినేడు అక్కడ పేదవాళ్ల కేసులు చూసే వకీళ్లు కేసులు తీసుకోవడం మానేశారని చెప్పాడు. అంత డబ్బున్న దేశంలో కూడా ఇదేనా?

జవాబు: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2025 మే నెలాఖరు నుంచి మసాచుసెట్స్‌లో "బార్ అడ్వకేట్లు" అనే ప్రైవేటు వకీళ్లు చాలామంది కొత్త కేసులు తీసుకోవడం ఆపేశారు. అక్కడ పేదవాళ్ల కేసుల్లో ఎక్కువ భాగం చూసేది వాళ్లే. కింది కోర్టుల్లో గంటకు 65 డాలర్లు ఇచ్చేవారు. అక్కడికి దగ్గర్లోని మెయిన్ రాష్ట్రంలో అదే పనికి 150. మసాచుసెట్స్ కోర్టు ఒక పాత నియమం బయటికి తీసింది. వకీలు దొరకని మనిషిని ఏడు రోజులకు మించి జైల్లో ఉంచకూడదు, 45 రోజులైనా దొరకకపోతే కేసే కొట్టెయ్యాలి. అలా కొందరు బయటికొచ్చారు, కొన్ని కేసులు పోయాయి. ఆగస్టులో ప్రభుత్వం దిగొచ్చి రెండేళ్లలో గంటకు మొత్తం 20 డాలర్లు పెంచుతూ, జీతం వకీళ్లను కొత్తగా తీసుకుంటూ చట్టం చేసింది. ఇంగ్లండులో 2022లో క్రిమినల్ బారిస్టర్లు సమ్మె చేస్తే 15 శాతం పెంపు దగ్గర రాజీ కుదిరింది.

అక్కడి డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం వృథా. నాకు నచ్చింది వాళ్ల గంట లెక్క. ఇంకా నచ్చింది, వకీలును ఇవ్వలేకపోతే మనిషిని వదలాలన్న ఆ నియమం. మన దగ్గర వకీలు లేకపోతే వాయిదా పడుతుంది, మనిషి లోపలే ఉంటాడు. ఇక్కడ ఆ నియమం ఒక్క జిల్లాలో ఆరు నెలలు అమలు చేసి చూస్తే, ఫండ్ ఎంత తొందరగా వస్తుందో నాకు చూడాలని ఉంది.

ప్రశ్న: మాకు రాయగడ టౌనుకు ఆనుకుని నాలుగెకరాలుంది. పోయిన మా అన్నయ్య భార్యతో హద్దు తగాదా. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు వస్తాడట కదా. కేసు మా అమ్మ పేరున వేయిస్తే ఖర్చు తప్పుతుందా?

జవాబు: బాబూ, భలే తెలివి. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదన్నది నిజం, సివిల్ కేసులకూ అది వర్తిస్తుంది. కానీ భూమి అమ్మగారి పేరున ఉండాలి, తగాదా ఆమెది అయ్యుండాలి. మీ తగాదాను ఆమె పేరు మీద నడిపిస్తే అప్లికేషన్ దగ్గరే ఆగుతుంది. పైగా మీ వదినగారు కూడా ఆడమనిషే, భర్త పోయిన మనిషి. అదే ఆఫీసుకు ఆమె వెళ్తే ఆమెకూ ఒక వకీలు వస్తాడు. ఇద్దరి ఖర్చూ సర్కారుదే, తగాదా మాత్రం మీ ఇంటిదే.

నాలుగెకరాలున్న మనిషి ఫీజు ఇచ్చి వకీలును పెట్టుకోవచ్చు. అది కూడా ఎందుకనుకుంటే, ముందు సర్వే చేయించి, లోక్ అదాలత్‌కు రండి. కోర్టులో ఇప్పటికే వేసిన కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. ఆ రాజీ మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకం పెట్టే ముందు హద్దు రాళ్లు ఎక్కడ పాతాలో మ్యాప్ మీద ఇద్దరూ గుర్తు పెట్టించుకోండి.